బొమ్మ ఎలా ఉండాలో ముందుగా తేల్చుకోవలసింది మనమే

సంపాదకులకు నమస్కారాలు.

కృత్రిమ మేధ సాయంతో ఇంట్లో కూర్చునే పిల్లల కార్టూన్ కథలు తయారు చేస్తున్న యువతీయువకుల గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన కథనాన్ని శ్రద్ధగా చదివాను. ఎంత ఖర్చవుతుంది, ఎన్ని రోజులు పడుతుంది, మాటలు ఎలా కలపాలి, సంగీతం ఎక్కడ దొరుకుతుంది అన్న వివరాలన్నీ అందులో ఉన్నాయి. బొమ్మ చూడటానికి ఎలా ఉండాలి, ఆ సంగతి ఎవరు తేల్చాలి, దేన్ని బట్టి తేల్చాలి అన్న దాని మీద మాత్రం ఒక్క వాక్యం కూడా కనిపించలేదు. ఇది కథనం రాసినవారి లోపమని నేను అనడం లేదు. ఈ పనిలో ఉన్నవారిలో చాలామందికి ఇదొక ప్రశ్న అని తోచడం లేదు కనుక వారిని అడిగి రాసిన కథనంలోనూ అది రాలేదు. నా మటుకు నాకు మిగిలిన అన్ని ప్రశ్నల కంటే ఇదే ముందు రావలసిన ప్రశ్న. అందుకే కొంచెం పెద్దదైనా ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఉమ్మడి అనంతపురం జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 31 ఏళ్లు డ్రాయింగ్ చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి హైదరాబాదులో మరో ఇద్దరు మిత్రులతో కలిసి చిన్నపిల్లల కథల ఛానల్ నడుపుతున్నాడు. కిందటి వేసవిలో అతను ఇంటికి వచ్చి, తాము చేసిన ఒక కథను ల్యాప్‌టాప్‌లో చూపించి, "సార్, ఏదో తేడాగా ఉంది, అదేమిటో మాకు అంతు చిక్కడం లేదు, మీరు చెప్పండి" అని అడిగాడు. ఆ కథ మొదట్లోనే వరి నాట్ల దృశ్యం ఉంది. పొలం పచ్చగా, ఆకాశం నీలంగా, నీళ్లలో మబ్బుల నీడలతో సహా బొమ్మ కన్నుల పండువగానే ఉంది. అయితే ఆ పొలంలోని ఆడవాళ్లు నాట్లు వేస్తూ ముందుకు నడుస్తున్నారు. నాట్లు వేసేవాళ్లు వంగి నారు గుచ్చుతూ వెనక్కి వెనక్కి జరుగుతారని పల్లెలో పుట్టిన పసివాడికి కూడా తెలుసు. ముందుకు నడిస్తే ఇప్పుడే గుచ్చిన నారును తమ కాళ్లతో తామే తొక్కేసుకుంటారు. ఇంకా చూస్తూ పోతే ఒకామె పైట ఎడమ భుజం మీద ఉంది, మరొకామెకు కుడి భుజం మీద ఉంది, మూడో ఆమెకు అసలు పైటే లేదు, చీర గౌనులా కుట్టేసినట్టు ఉంది. గట్టు మీది ఎడ్ల మెడలపై కాడి ఉంది కానీ ఆ కాడికి పలుపు తాళ్లు లేవు. దూరాన కనిపించే ఊరిలో పెంకుటిళ్ల మీద పొగగొట్టాలు నిలబడి ఉన్నాయి.

ఆ అబ్బాయి వీటిని ఒక్కొక్కటిగా దిద్దడానికి కాగితం, కలం తీసుకున్నాడు. దిద్దవలసింది వీటిని కాదని చెప్పాను. అవన్నీ ఒకే కారణం నుంచి పుట్టుకొచ్చిన తప్పులు. "తెలుగు పల్లెటూరు, వరి నాట్లు, కార్టూన్" అని రాసి వాళ్లు కృత్రిమ మేధ యంత్రానికి ఇచ్చారు. ఏ రకం కార్టూన్ అన్నది చెప్పలేదు. మనం చెప్పకుండా వదిలేసిన ప్రతి చోటునూ యంత్రం తాను ఎక్కువగా చూసి నేర్చుకున్న బొమ్మలతోనే నింపుతుంది. అది నేర్చుకున్న కోట్ల బొమ్మల్లో పెద్దపెద్ద కళ్లతో, మైనపు బొమ్మలాంటి నున్నటి చర్మంతో, ఎటు నుంచో పడే బంగారు వెలుగుతో మెరిసే త్రీడీ బొమ్మలదే పైచేయి అనిపిస్తుంది. అందుకే ఈనాడు ఎవరు ఏ కథ చేసినా పేదరాశి పెద్దమ్మ, గొల్లపిల్ల, రాజుగారి కూతురు ముగ్గురూ ఒకే కర్మాగారంలో తయారైన అక్కచెల్లెళ్లలా కనిపిస్తున్నారు. ఇలా వచ్చిన బొమ్మకు ఒక శైలి ఉన్నట్టు కనిపించినా, దాన్ని ఎంచుకున్నవారంటూ ఎవరూ లేరు.

ఆ తర్వాత ఎనిమిది రోజులు మేం ఒకే చిన్న కథను మూడు రకాల బొమ్మలతో చేసి చూశాం. కథ చాలా మామూలుది. ఒక బాటసారి పేదరాశి పెద్దమ్మ ఇంటికి రాత్రి పూట వస్తాడు, ఆమె అన్నం పెడుతుంది, తెల్లవారేసరికి అతని మూట కనిపించదు. మనుషులు ఇద్దరు, ఇల్లు ఒకటి, రాత్రి ఒకటి, పగలు ఒకటి. అప్పుడు నేను గమనించిన విషయాలు ఈ పనిలో ఉన్న మరికొందరికి పనికొస్తాయన్న నమ్మకంతో ఇక్కడ రాస్తున్నాను.

మొదట వాళ్లకు అలవాటైన మెరిసే త్రీడీ బొమ్మతోనే చేశాం. అందులో పెద్దమ్మకు వయసు రాలేదు. "ముడతలు" అని రాస్తే ముడతలు వచ్చాయి కానీ నున్నటి బంతి మీద గీతలు గీసినట్టు వచ్చాయి. దానికి మించిన చిక్కు మరొకటి ఉంది. ఈ యంత్రాలు ఒక్క విడతలో కొద్ది సెకన్ల వీడియోను మాత్రమే ఇస్తాయి, అలాంటి ముక్కలను పదులకొద్దీ అతికితే గానీ కథ పూర్తి కాదు. త్రీడీ బొమ్మలో వివరాలు ఎక్కువ కావడం వల్ల ముక్క ముక్కకూ ఏదో ఒకటి మారిపోతూ ఉంటుంది. మొదటి ముక్కలో పెద్దమ్మ ముక్కుపుడక కుడి వైపు ఉంటే మూడో ముక్కలో ఎడమకు వచ్చింది, ఐదో ముక్కలో మాయమైంది. చీర అంచు మూడు సార్లు రంగు మార్చుకుంది. పెద్దవాళ్లు దీన్ని గమనించరేమో గానీ నాలుగేళ్ల పిల్ల గమనిస్తుంది, గమనించి, "ఈ అవ్వ వేరే అవ్వా?" అని అడుగుతుంది. మా మనవరాలు అలాగే అడిగింది.

రెండోసారి నీటిరంగుల పద్ధతి పెట్టాం. నా చేతికి అలవాటైన పద్ధతి కనుక దాని మీదే ఆశ ఎక్కువ పెట్టుకున్నాను. ఒక్కో బొమ్మను విడిగా ఆపి చూస్తే నిజంగానే కాగితం మీద తడి ఆరుతున్నట్టు ఉంది. కదలడం మొదలయ్యేసరికి గోడల మీది రంగు మరకలన్నీ చీమలు పాకినట్టు పాకాయి, ఎందుకంటే ప్రతి ఫ్రేములోనూ, అంటే వీడియోలో వరసగా వచ్చే ఒక్కో నిలకడ బొమ్మలోనూ, యంత్రం ఆ మరకను కొత్తగా వేస్తోంది. చేతితో చేసే యానిమేషన్‌లో వెనుక ఉండే ఇల్లు, చెట్టు ఒకే కాగితం మీద ఒక్కసారి గీసి, దాని ముందు మనుషులను కదుపుతారు కాబట్టి ఆ ఇబ్బంది రాదు. ఇక్కడ కూడా వెనుక దృశ్యాన్ని ఒక్క నిలకడ బొమ్మగా తీసుకుని, మనుషులను విడిగా చేయించి పైన అతికితే కొంత నయమైంది. అయినా ఫోను తెరపై చూసినప్పుడు ఆ లేత రంగుల్లో మనిషి ముఖం గోడలో కలిసిపోయింది. పిల్లల్లో ఎక్కువమంది ఈ కథలను అమ్మ ఫోనులోనే చూస్తారు కదా. కంప్యూటరు ముందు కూర్చుని శైలిని ఖాయం చేసేవారు ఆ బొమ్మను ఒక్కసారి అరచేతి వెడల్పు తెర మీద, చేయి చాచినంత దూరం నుంచి చూసుకోవాలి.

మూడోసారి తోలుబొమ్మ పద్ధతి పెట్టాం. మాకు దగ్గరలోనే, ధర్మవరం పక్కన తోలుబొమ్మల కళాకారుల ఊరు నిమ్మలకుంట ఉంది. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిన సంగతి మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఉద్యోగంలో ఉండగా మా బడి పిల్లలను అక్కడికి తీసుకువెళ్లినప్పుడు వాళ్లు మేకతోలును నానబెట్టి, శుభ్రం చేసి, ఆరబెట్టి, పలుచని పొరలా మార్చి, దానిపై గీత గీసి, చిన్న ఉలులతో రంధ్రాలు పొడిచి, రెండు వైపులా రంగులు వేయడం దగ్గరుండి చూశాం. నగలు, జరీ అంచులు చాలా మటుకు రంగుతో కాక రంధ్రాలతోనే ఏర్పడతాయి, వెనుక దీపం పెడితే ఆ రంధ్రాలే మెరుస్తాయి. చేతులు, కాళ్లు, తల విడిగా కోసి కీళ్ల దగ్గర దారంతో ముడి వేస్తారు. ఒక్కసారి ఆలోచించి చూడండి. ఈనాడు కంప్యూటరులో కట్‌అవుట్ యానిమేషన్ అని చెప్పుకునేది ఈ ముడుల పద్ధతే కదా. జర్మనీలో 1926లోనే నల్ల అట్టను కత్తిరించి చేసిన నీడబొమ్మలతో ఒక పూర్తి నిడివి చిత్రం తీశారు. అంతకు ఎన్నో తరాల ముందు నుంచే మన ఊళ్లలో తెల్ల పంచెలు కలిపి కుట్టిన తెర వెనుక అదే పని తెల్లవార్లూ సాగింది.

యంత్రానికి "తోలుబొమ్మ" అని రాసి ఇస్తే వచ్చింది తోలుబొమ్మ కాదు. పక్క నుంచి కనిపించవలసిన ముఖాన్ని అది మెల్లగా మనవైపు తిప్పేసింది, చదునుగా ఉండవలసిన చెంపకు నీడలు వేసి గుండ్రంగా చేసింది, రంధ్రాలను ముత్యాలుగా మార్చింది. రెండు రోజులు దానితో కుస్తీ పట్టి, చివరకు పద్ధతి మార్చాం. పెద్దమ్మను, బాటసారిని నేనే కాగితంపై ముక్కలు ముక్కలుగా గీశాను. తల, మొండెం, పై చేయి, ముంజేయి, కాలు ఇలా ఒక్కొక్కరికి 9 ముక్కలు. వాటిని స్కాన్ చేసి కీళ్లు కలిపే పని ఆ అబ్బాయి చేశాడు. వెనుక దృశ్యాలకు, నడకలో ఒక భంగిమకూ మరో భంగిమకూ మధ్య వచ్చే కదలికలకు మాత్రం యంత్రాన్ని వాడుకున్నాం. అప్పుడు కూడా ఒక చిత్రమైన ఇబ్బంది వచ్చింది. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు ఉంటాయి, యంత్రం ఆ 24 ఫ్రేముల్లోనూ బొమ్మను కొంచెం కొంచెం కదిపింది, దాంతో పెద్దమ్మ నీళ్లలో తేలుతున్నట్టు నడిచింది. చేతితో గీసేవాళ్లు ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపి సెకనుకు 12 బొమ్మలతో పని నడిపించేవారు. ఆ లెక్కనే ఒకటి విడిచి ఒకటి తీసేసి 12కు తెచ్చాం. వెంటనే ఆ నడకలో కర్ర పట్టి ఆడించే మనిషి చేతి విసురు వచ్చింది. శైలి అంటే రంగూ గీతా మాత్రమే అనుకుంటారు గానీ, కదలిక కూడా అందులో భాగమేనని నాకు ఆ సాయంత్రం కళ్లకు కట్టినట్టు అర్థమైంది.

ముక్కుపుడక ఇక చోటు మారలేదు, అంచు రంగు మారలేదు. మా మనవరాలు పెద్దమ్మను గుర్తుపట్టింది.

ఈ పద్ధతి అన్ని కథలకూ సరిపోతుందని మాత్రం అనను. తోలుబొమ్మ ముఖంలో కవళికలు మారవు. మూట పోయిందని తెలిసి బాటసారి కుంగిపోయే చోట కళ్లలో నీళ్లు చూపించే వీలు లేదు, తల వాలడంతో, మోకాలి మీద చేయి జారడంతో చెప్పవలసి వచ్చింది. నాకు అది మరింత బాగుందనిపించింది, ఛానల్ నడిపే ఆ కుర్రాళ్లకు చాలలేదనిపించింది, రెండు మాటలూ నిజమే కావచ్చు. హాస్యానికి మాత్రం ఈ బొమ్మకు తిరుగులేదు. తోలుబొమ్మలాటలో హాస్య పాత్రలైన జుట్టుపోలిగాడు, బంగారక్క రాగానే జనం ఎందుకు నవ్వుతారో చూసినవారికి తెలుసు. అక్కడ ముఖం మారదు, నడుము ఊపూ తల విదిలింపూ అంతా చెప్పేస్తాయి.

తెలంగాణలో సిద్దిపేట జిల్లా చేర్యాలలో గుడ్డ మీద గీసే నకాషీ కథాచిత్రాలను నేను దూరం నుంచి అభిమానించినవాణ్ణే తప్ప దగ్గర కూర్చుని నేర్చుకున్నవాణ్ణి కాను. అయినా ఈ సందర్భంలో వాటి గురించి చెప్పకుండా ఉండలేను. చింతగింజల గుజ్జు, సుద్ద మట్టి పట్టించిన ఖాదీ గుడ్డ మీద, ఎర్రటి నేపథ్యంపై, కథను గళ్లు గళ్లుగా పై నుంచి కిందికి గీస్తారు. కథ చెప్పేవారు ఆ పటాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ పాడతారు. యానిమేషన్ వాళ్లు కథను ముందుగా వరస బొమ్మల్లో గీసుకుని స్టోరీబోర్డ్ అనే దానికీ దీనికీ ఎంత దూరం ఉందో చెప్పండి. మొదటి నుంచి చివరి వరకు ఒక గొంతు కథ చెబుతూ పోయే వీడియోకు, మనుషులు పెద్దగా కదలకపోయినా కెమెరా గడి నుంచి గడికి జారితే చాలు అనుకునే కథకు, ఇంతకంటే తగిన పద్ధతి నాకు తోచడం లేదు. ముక్కలు అతకవలసిన పని కూడా అందులో తక్కువ.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి, ఈ ఉత్తరం రాయడానికి సగం కారణం అదే. శైలిని ఎంచుకోవడమంటే ఫలానావారిలా గీయమని యంత్రానికి ఆజ్ఞ ఇవ్వడం అని చాలామంది అనుకుంటున్నారు. 2025 మార్చి చివరి వారంలో ప్రపంచమంతా తమ కుటుంబ ఫొటోలను జపాన్‌లోని యానిమేషన్ సంస్థ గిబ్లీ స్టూడియో బొమ్మల్లా మార్చుకుని మురిసిపోయింది, మన వాళ్లు పెళ్లి ఫొటోలు కూడా మార్చుకున్నారు. 1985లో మొదలైన ఆ సంస్థలో చిత్రకారులు ఒక్కో ఆకునూ గాలికి ఎలా కదపాలో దశాబ్దాల పాటు చేతులు అరగదీసుకుని సాధించినది, ఒక్క మాట టైపు చేయగానే వచ్చేసినట్టు అనిపించింది. మన దగ్గరా అంతే. "బాపు గారి బొమ్మలా" అని రాస్తే వాలు జడ వస్తుంది, పెద్ద కళ్లు వస్తాయి, బొట్టు వస్తుంది. ఆయన గీత ఒక చోట లావుగా మొదలై, మెడ దగ్గర సన్నబడి, భుజం దగ్గర తెగిపోయి, మిగిలిన భుజాన్ని మన కంటికే వదిలేస్తుంది. యంత్రం ఆ తెగిన చోటును నింపేస్తుంది. నింపిన తర్వాత అందులో బాపు గారు ఉండరు.

మన 1957 నాటి కాపీరైట్ చట్టం గీసిన బొమ్మకు రక్షణ ఇస్తుంది గానీ గీసే తీరుకు ఇవ్వదని చెబుతారు, అది నిజమే. 2014లో మనను విడిచి వెళ్లిన బాపు గారి బొమ్మలకు చట్ట ప్రకారం 2074 చివరి వరకు రక్షణ ఉంది, ఆయన తీరుకు మాత్రం లేదు. కానీ చట్టం అడ్డు చెప్పని ప్రతి పనీ చేయదగినదే అని మా బడిలో నేను పిల్లలకు ఎన్నడూ చెప్పలేదు. ఒక బతికి ఉన్న చిత్రకారుడి పేరు రాసి, అతని చేతి తీరును తెచ్చుకుని, అతనికి ఒక్క రూపాయి ఇవ్వకుండా, కనీసం చెప్పకుండా వాడుకోవడం నాకు తప్పుగానే కనిపిస్తుంది. చేర్యాల, తోలుబొమ్మల విషయంలోనూ అదే మాట. రెండింటికీ భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఫలానా ప్రాంతపు కళ అన్న చట్టబద్ధమైన గుర్తింపు ఉంది. తెర మీద "ఇది చేర్యాల చిత్రకళ" అని వేసుకునే ముందు ఆ ఊరికి వెళ్లి, ఒక కళాకారుడితో మాట్లాడి, ప్రధాన పాత్రలను వారి చేత గీయించుకుని, పనికి తగిన డబ్బు ఇచ్చి, పేరు వేస్తే అప్పుడు ఆ మాటకు అర్థం ఉంటుంది. ఒక కథలో ఉండే నాలుగైదు పాత్రలను ఒకసారి గీయించుకుంటే ఆ ఛానల్ ఏడాది పాటు వాడుకోవచ్చు. అది చిన్న సంస్థకు మోయలేని ఖర్చేమీ కాదని నా శిష్యుడైన ఆ అబ్బాయి లెక్క వేసి చెప్పాడు. నిమ్మలకుంటలో ఇప్పుడు దీపాల తొడుగులు, గోడకు వేలాడదీసే బొమ్మలు చేసి అమ్ముకుంటున్న చేతులు మళ్లీ కథలోకి రావడానికి అది ఒక దారి అవుతుంది.

ఈ పని చేస్తున్న యువతకు నేను చెప్పగలిగినది చాలా కొద్ది. యంత్రం ముందు కూర్చోకముందే ఒక కాగితం తీసుకుని, కథ ఎవరికి చెబుతున్నారో, ఆ పిల్లల వయసెంతో రాసుకోండి. గీత ఎంత లావు ఉండాలో, మొత్తం మీద ఎన్ని రంగులు వాడతారో, రాత్రిని ఏ రంగుతో చూపిస్తారో, ఇంట్లో వెలిగేది ప్రమిదా లాంతరా బల్బా అన్నది తేల్చుకోండి. చీర కట్టు ఏ ప్రాంతానిదో, పైట ఏ వైపో, కుండకు పిడి ఉంటుందో ఉండదో కూడా అందులోనే రాయండి. ఆ తర్వాత ఒక ముఖం దగ్గర నుంచి, ఒక గుంపు దూరం నుంచి, ఒక రాత్రి దృశ్యం చేయించి చూసుకోండి. ఈ మూడింటిలో మీ శైలి నిలబడితే మొత్తం కథకు నిలబడుతుంది. ఆ కాగితం గోడకు అంటించి ఉంచండి. ఆ అబ్బాయి గదిలో ఇప్పుడు అది ఉంది, నాలుగు చోట్ల కొట్టివేతలతో సహా.

సంపాదకులకు నా మనవి ఒక్కటే. మీ ఆదివారం సంచికలోనో, పిల్లల పేజీలోనో ఒకే చిన్న కథను ప్రతి వారం ఒక్కో చేతితో వేయించి ప్రచురించండి. ఒక వారం నిమ్మలకుంట, ఒక వారం చేర్యాల, ఒక వారం శ్రీకాళహస్తి కలంకారీ, మరో వారం ఒక బడి పిల్లవాడి పెన్సిలు బొమ్మ. పక్కనే గీసినవారి ఊరు, వారు వాడిన రంగులు, వారిని ఎలా కలుసుకోవచ్చో రాయండి. ప్రభుత్వ బడుల కోసం ఏఐతో వీడియో పాఠాలు చేయించే అధికారులు కూడా, పనిని అప్పగించేటప్పుడు నిడివితో పాటు బొమ్మ తీరును కూడా ఒప్పంద పత్రంలో రాయించి, ఒక డ్రాయింగ్ ఉపాధ్యాయుడి చేత సరి చూపించుకోవాలని కోరుతున్నాను. అలాంటి పని ఎవరైనా అప్పగిస్తే నేను జీతం ఆశించకుండా చేస్తాను, నాలాంటి విశ్రాంత ఉపాధ్యాయులు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు.

ఆ అబ్బాయి వాళ్లు నాట్ల దృశ్యాన్ని పోయిన నెల మళ్లీ చేశారు. ఈసారి ఆడవాళ్లు వెనక్కి జరుగుతున్నారు, వాళ్ల ముందు నారు వరసలుగా నిలబడి ఉంది.

ఇట్లు,
విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు,
అనంతపురం